వాపస్ తీసుకున్న ఎత్తు ఏం నేర్పాలి

ఎండాకాలం సెలవుల్లో హన్మకొండ, కాజీపేట ఇళ్లల్లో పిల్లలు పొద్దున పదింటికల్లా లోపలికి చేరిపోతారు. బయట ఎండ మండుతుంటుంది, లోపల ఫోన్ మీద చదరంగం నడుస్తుంటుంది. వరంగల్ పిలగాడు అర్జున్ ఎరిగైసి 2018లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చాడు, అదే ఏడాది డిసెంబర్‌లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే ఇచ్చిన రేటింగ్ జాబితాలో 2800 దాటాడు. ఆ పేరు చెప్పి పిల్లల చేతికి ఆట ఇస్తున్న తల్లిదండ్రులు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఆ పిల్లలకు అందరికంటే ముందు అలవాటయ్యేది వెనక్కి తిరిగిన బాణం గుర్తు, అంటే వేసిన ఎత్తును వాపస్ తీసుకునే టేక్‌బ్యాక్.

దాన్ని మోసం అనేవాళ్లు ఉన్నారు. "పిల్లలే గదా, పోనీ" అనేవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో అది మంచి పనిముట్టు. కాకపోతే ఎత్తు ఊరికే వాపస్ రాకూడదు. ప్రతి టేక్‌బ్యాక్‌కూ ఆటగాడు ఒక మాట చెల్లించాలి: నేను ఏం చూడలేదు? ఆ మాట నోటితో చెప్పగలిగితేనే బాణం నొక్కాలి. చెప్పలేకపోతే ఆ ఎత్తుతోనే ఆట సాగించాలి. కింద రాసేదంతా ఈ ఒక్క షరతును ఎట్లా అమలు చేయాలన్నదే.

పావుల పేర్లు మన ఇళ్లల్లో పిలిచేవే వాడుతున్నాను. మంత్రి అంటే క్వీన్, ఏనుగు అంటే రూక్, ఒంటె అంటే బిషప్. ఇ4, ఎఫ్7 లాంటివి గడుల పేర్లు: అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డ వరుసది. పావు పేరు లేకుండా గడి పేరే చెబితే అది బంటు ఎత్తు. చెక్ అంటే రాజు మీద దాడి, మేటు అంటే రాజు తప్పించుకోలేక ఆట ముగిసిపోయే దెబ్బ.

ముందు సెట్టింగుల సంగతి. ఫోన్‌లో చదరంగం ఆడే లీచెస్ యాప్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి గేమ్ బిహేవియర్‌లోకి వెళ్తే టేక్‌బ్యాక్స్ అనే వరుస కనిపిస్తుంది. ఎప్పుడూ వద్దు, క్యాజువల్ (రేటింగ్ లెక్కలోకి రాని) ఆటల్లో మాత్రమే, ఎల్లప్పుడూ అని మూడు ఎంపికలు ఉంటాయి. మధ్యది పెట్టుకోండి. రేటింగ్ ఆటలో ఎత్తు వాపస్ అడగడం, ఇవ్వడం రెండూ రేటింగ్‌కు అర్థం లేకుండా చేస్తాయి. మనిషితో ఆడేటప్పుడు అవతలివాళ్లు ఒప్పుకుంటేనే ఎత్తు వెనక్కి వస్తుంది. కంప్యూటర్‌తో ఆడేటప్పుడు అడిగిన వెంటనే వస్తుంది. అవతలివాళ్లు ఇంకా ఆడకపోతే ఒక్క మన ఎత్తే వెనక్కి పోతుంది, వాళ్లు జవాబు ఆడేసి ఉంటే రెండూ కలిసి పోతాయి. తెలియని మనిషిని క్యాజువల్ ఆటలో ఒకసారి అడగవచ్చు. కాదంటే మళ్లీ అడగకూడదు, వాళ్లకు ఒప్పుకోవాల్సిన అవసరమేమీ లేదు. అందుకే నేర్చుకోవడానికి ఆడే ఆట ముందే మాట్లాడుకున్న మనిషితోనే పెట్టుకోవాలి. అన్న, అక్క, బాపు, హాస్టల్ రూమ్మేట్, ఎవరైనా సరే.

సమయం 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకు 10 సెకన్లు కలిసేలా పెట్టండి. మూడు నిమిషాల ఆటలో టేక్‌బ్యాక్ వల్ల ఏ లాభమూ లేదు. అక్కడ జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం చూసే తీరిక లేక జరిగేవి, తీరిక లేకపోవడాన్ని వెనక్కి తీసుకుని ఏం నేర్చుకుంటాం?

చిన్న స్క్రీన్ మీద వేలు జారి పక్క గడిలో పావు పడటం వేరే జబ్బు. దానికి టేక్‌బ్యాక్ కన్నా సెట్టింగే మందు. పావును ఈడ్చే పద్ధతి తీసేసి, రెండు గడులను వరుసగా నొక్కే పద్ధతి పెట్టుకుంటే జారడం చాలా తగ్గుతుంది. నిదానపు ఆటలకు మూవ్ కన్ఫర్మేషన్ (ఎత్తు ఖాయమా అని ముందు అడిగేది) కూడా ఆన్ చేసుకోవచ్చు. వేలు జారిన ఎత్తును అడగగానే ఇచ్చేయాలి, లెక్కలో రాయకూడదు.

ఇక అసలు తప్పులు. టేక్‌బ్యాక్ అడిగే సందర్భాలు రెండు రకాలు. వాటిని కలిపేస్తే ఏమీ తేలదు. ఒకటి, ఎత్తు వేసి వేలు తీయగానే, అవతలివాళ్లు ఇంకా ఆడకముందే "అరె, గుర్రం పోతది" అని మనకే తట్టడం. రెండోది, అవతలివాళ్లు ఆ గుర్రాన్ని కొట్టేసేదాకా తెలియకపోవడం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింటిలోనూ గుర్రమే పోతుంది. లోపల మాత్రం చాలా తేడా ఉంది.

మొదటి రకంలో చూపు సరిగ్గానే ఉంది, చూసిన వేళే తప్పు. ఎత్తు వేయకముందు కళ్లు మన ఆలోచన వెంబడే పోతుంటాయి. ఏం కొడదాం, ఎక్కడ చెక్ ఇద్దాం అన్నదే మనసులో ఉంటుంది. పావు కొత్త గడిలో నిజంగా కూర్చున్నాక, వంతు అవతలివాళ్లది అయ్యాక, వాళ్ల వైపు నుంచి చూడటం మొదలవుతుంది. అప్పుడు తప్పు టక్కున కనబడుతుంది. కాబట్టి ఆ చూపును ఒక్క అడుగు ముందుకు జరపాలి. పావు ఇంకా పాత గడిలో ఉండగానే కొత్త గడిలో కూర్చున్నట్టు అనుకుని, అవతలివాళ్లకు ఏ చెక్‌లు ఉన్నాయి, ఏవి కొట్టగలరు, దేన్ని బెదిరించగలరు అని ఇదే వరుసలో చూడాలి. చెక్‌లు మొదట ఎందుకంటే వాటికి జవాబు చెప్పక తప్పదు, మన ప్లాన్ ఎంత గొప్పదైనా ఆగిపోతుంది. సోవియట్ కాలపు మాస్టర్ బ్లూమెన్‌ఫెల్డ్ ఇదే పనికి ఒక ఉపాయం చెప్పాడు: అనుకున్న ఎత్తును ముందు కాగితం మీద రాసి, కొత్తగా ఆట నేర్చినవాడి కళ్లతో బోర్డును ఒకసారి చూసి, అప్పుడు ఆడాలి. ఎత్తును ముందే రాయడాన్ని ఇప్పటి ఫిడే నియమాలు ఒప్పుకోవు, టోర్నమెంట్‌లో అది కుదరదు. ఇంట్లో సాధనకు మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

రెండో రకం ఇంకా లోతైనది. అక్కడ అవతలివైపు చూడటమే జరగలేదు. పైగా టేక్‌బ్యాక్ ఇచ్చేసరికి జవాబు కూడా తెలిసిపోయి ఉంటుంది. వాపస్ తీసుకున్న పిల్లవాడు ఆ ఒక్క జవాబును తప్పించుకునే ఎత్తు వేస్తాడు, దాంతో నేర్చుకున్నాననుకుంటాడు. అందరికీ తెలిసిన నాలుగు ఎత్తుల మేటునే తీసుకోండి.

తెలుపు ఇ4, నలుపు ఇ5. తెలుపు మంత్రి హెచ్5, నలుపు గుర్రం సి6. తెలుపు ఒంటె సి4, నలుపు గుర్రం ఎఫ్6. తెలుపు మంత్రి ఎఫ్7 బంటును కొట్టి మేటు. నలుపు ఆడిన పిల్లవాడు వాపస్ అడుగుతాడు, మూడో ఎత్తుగా ఈసారి జి6 ఆడతాడు. సరైన ఎత్తే. తెలుపు మంత్రి ఎఫ్3కు జరుగుతుంది. ఇప్పుడు మళ్లీ ఎఫ్7 మీద అదే మేటు బెదిరింపు, ఈసారి ఇంకో దారి నుంచి. పిల్లవాడికి అర్థమైంది "హెచ్5 మంత్రిని జి6తో తరమాలి" అని మాత్రమే అయితే ఇక్కడ మళ్లీ పడిపోతాడు. "ఎఫ్7ను కాస్తున్నది నా రాజు ఒక్కడే, దాని మీద ఒంటె, మంత్రి రెండూ గురిపెట్టాయి" అని అర్థమై ఉంటే గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి దారి మూస్తాడు. ఇందాక ఓడగొట్టిన గుర్రం ఎఫ్6 ఎత్తే ఇప్పుడు సరైన ఎత్తు.

ఈ వరుసలోనే ఇంకో గుంట ఉంది. జి6 మంచిదని నేర్చిన పిల్లవాడు తర్వాతి ఆటలో తొందరపడి దాన్ని రెండో ఎత్తుకే ఆడేస్తాడు. అప్పుడు తెలుపు మంత్రి ఇ5 బంటును కొడుతూ చెక్ ఇస్తుంది. జి7 ఖాళీ అయింది కాబట్టి అదే దెబ్బకు హెచ్8లోని ఏనుగు మీద కూడా పడుతుంది. రాజును కాపాడుకునేలోపు ఏనుగు పోతుంది. ఎత్తు గుర్తుంది, కారణం గుర్తులేదు. కారణాన్ని నోటితో చెప్పించమని నేను పట్టుబట్టేది ఇందుకే.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఎంతదాకా వెనక్కి పోవాలన్నది. దెబ్బ తగిలిన చోటే తప్పు జరిగిందనుకోవడం మామూలు. చాలాసార్లు తప్పు అంతకుముందే జరిగి ఉంటుంది. ఇటాలియన్ ఆట అని పిలిచే ఆరంభంలో వచ్చే ఒక వరుస చూడండి. తెలుపు ఇ4, నలుపు ఇ5. గుర్రం ఎఫ్3, గుర్రం సి6. ఒంటె సి4, గుర్రం ఎఫ్6. తెలుపు గుర్రం జి5కు దూకి ఎఫ్7 మీద గురిపెడుతుంది, నలుపు డి5 ఆడి ఒంటె దారి మూస్తుంది. తెలుపు ఇ బంటు డి5ను కొడుతుంది. నలుపు గుర్రం ఆ బంటును తిరిగి కొడుతుంది. చూడటానికి ఎంతో సహజంగా ఉంటుంది, బంటుకు బంటు. అప్పుడు తెలుపు గుర్రం ఎఫ్7లో పడి మంత్రిని, ఏనుగును ఒకేసారి పట్టుకుంటుంది. రాజు గుర్రాన్ని కొడితే మంత్రి ఎఫ్3కు వచ్చి చెక్ ఇస్తూ డి5 గుర్రం మీద కూడా గురిపెడుతుంది. ఆ గుర్రాన్ని కాపాడాలంటే రాజు ఇ6కు నడవాలి, తెలుపు రెండో గుర్రం సి3కు వచ్చి ఒత్తిడి ఇంకా పెంచుతుంది.

నలుపు ఆడినవాళ్లు ఇక్కడ ఆఖరి ఎత్తును, అంటే రాజుతో కొట్టడాన్ని, వాపస్ అడుగుతారు. ఇచ్చినా ఒరిగేదేమీ లేదు, గుర్రాన్ని కొట్టకపోతే ఏనుగు పోతుంది. అందుకని వెనక్కి పోవడానికి ఒక పద్ధతి పెట్టుకోవాలి. మన ఎత్తులను ఒక్కొక్కటిగా వెనక్కి జరుపుతూ, ప్రతి చోటా "ఇక్కడ ఇంతకన్నా మంచి ఎత్తు నా చేతిలో ఉండిందా?" అని అడగాలి. ఉంది అన్న మొదటి చోట ఆగాలి. ఈ ఆటలో ఆ చోటు ఐదో ఎత్తు. డి5 బంటును కొట్టే బదులు సి6 గుర్రాన్ని ఎ5కు పంపితే అది సి4 ఒంటె మీద పడుతుంది. తెలుపు ఒంటె బి5 నుంచి చెక్ ఇస్తే నలుపు సి6తో అడ్డుపెడుతుంది. ఒక బంటు పోయినా పావులు చకచకా బయటికొస్తాయి. అక్కడితో ఆగాలి. "అసలు మూడో ఎత్తుకు గుర్రం ఎఫ్6 ఆడటమే తప్పు, ఇంకెప్పుడూ ఆడను" అని మొదటికి పోతే, మంచి ఎత్తు మీద నింద వేసి అసలు తప్పును వదిలేసినట్టే.

ఇట్లా రెండు మూడు ఎత్తులు వెనక్కి పోవాలంటే బాణం మళ్లీ మళ్లీ నొక్కాలి, అవతలివాళ్లు ప్రతిసారీ ఒప్పుకోవాలి. ఆట మొదలుపెట్టేముందే ఆ ఒప్పందం ఉండాలి.

బాణం నొక్కేముందు ఇంకో పని ఉంది. చెడ్డ ఎత్తుకు పడే శిక్షను మూడు నాలుగు ఎత్తుల దాకా చూడాలి. దెబ్బ తగలగానే వాపస్ తీసుకుంటే భయం మిగులుతుంది, అవగాహన మిగలదు. పైన చెప్పిన వరుసలోనే రాజు ఇ6లో నిలబడ్డాక నలుపు సి6 గుర్రాన్ని బి4కు తెచ్చి డి5ను కాపాడుకోవచ్చు. ఒక పావు ఎక్కువగా ఉన్నది నలుపుకే, తెలుపు ప్రతి ఎత్తూ జాగ్రత్తగా ఆడాలి. కష్టమైన పొజిషనే కానీ ఆడలేనిదేమీ కాదు. ఆ సంగతి ఆడిచూస్తేనే తెలుస్తుంది.

ఈ కారణంగానే అన్ని తప్పులకూ టేక్‌బ్యాక్ ఇవ్వకూడదని నేను గట్టిగా అంటాను. బంటు పోతే ఇవ్వొద్దు. బంటు తక్కువతో ఆడటం నేర్వాల్సిందే. గుర్రమో ఒంటెనో పోతే ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, ఆ రోజు దేన్ని సాధన చేస్తున్నారన్నదాన్ని బట్టి. ఒక్క ఎత్తులో మేటు, ఊరికే మంత్రి పోవడం, ఇలాంటివి ఇచ్చేయండి, అక్కడ ఆట ఆగిపోతే ఇద్దరికీ నేర్వడానికి ఏమీ మిగలదు. అలాంటి తప్పుకు పిల్లల్ని సిగ్గుపడేలా చేయొద్దు. 2006లో బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ అనే చదరంగం ప్రోగ్రామ్‌తో జరిగిన రెండో ఆటలో ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్ తన మంత్రిని ఇ3కు జరిపాడు, కంప్యూటర్ మంత్రి హెచ్7లో ఒక్క ఎత్తులో మేటు చేసింది. అంతటివాడికే కన్ను తప్పింది.

ఎదుటి మనిషి పాత్ర మీద తక్కువమంది దృష్టి పెడతారు. బలమైన ఆటగాడు తప్పు జరిగిన ప్రతిసారీ "జర ఆగు, మళ్ల జూడు" అంటాడు. దాంతో పిల్లవాడు బోర్డును చూడటం మాని అన్న గొంతు కోసం ఎదురుచూడటం నేర్చుకుంటాడు. ఆ మాటే ఒక సూచన అయిపోతుంది. దీనికి మందు సులువే: మంచి ఎత్తు వేసినప్పుడు కూడా అప్పుడప్పుడు అదే మాట, అదే గొంతుతో అనాలి. పిల్లవాడు మళ్లీ చూసి "లేదన్నా, ఇదే ఆడుతున్న" అని నిలబడితే, అది తప్పు వాపస్ తీసుకోవడం కన్నా పెద్ద విజయం. ఇంకోటి, ఏ ఎత్తు ఆడాలో చెప్పొద్దు. "వాని మంత్రి యాడికి పోగలదు?" అని అడగండి, చాలు.

మనిషి దొరకనప్పుడు కంప్యూటర్ ఉంటుంది. లీచెస్‌లో మనతో ఆడే ప్రోగ్రామ్ స్టాక్‌ఫిష్‌కు 8 స్థాయిలున్నాయి. అడ్డూఅదుపూ లేకుండా ఎత్తులు వాపస్ వస్తాయి కాబట్టి ప్రమాదం ఇక్కడే ఎక్కువ. ఒక ఎత్తు వేసి, దెబ్బ తగిలితే తీసేసి ఇంకోటి, అదీ తగిలితే మరోటి, ఇలా తడుముకుంటూ పోయి చివరికి గెలవచ్చు. ఆ గెలుపులో ఆలోచన లేదు. పైగా కింది స్థాయిలు కావాలనే బలహీనంగా ఆడతాయి, మన చెడ్డ ఎత్తుకు శిక్ష వేయకుండా వదిలేస్తాయి. దెబ్బ తగల్లేదు కాబట్టి ఎత్తు మంచిదే అనుకుంటే మోసపోతాం. గెలిచేవాటి కన్నా ఓడేవి కొంచెం ఎక్కువగా ఉండే స్థాయిని ఎంచుకోండి. ఒక పొజిషన్‌లో ఒక్క టేక్‌బ్యాకే అని నియమం పెట్టుకోండి. ఆట అయ్యాక కంప్యూటర్ విశ్లేషణ అడిగి, లర్న్ ఫ్రమ్ యువర్ మిస్టేక్స్ నొక్కితే అది మన తప్పుల దగ్గరికి ఒక్కొక్కటిగా తీసుకెళ్లి మంచి ఎత్తు కనుక్కోమంటుంది. మన నోటితో చెప్పిన కారణాలు ఎంతవరకు నిజమో అక్కడ సరిచూసుకోవచ్చు.

ఒక్క చోట మాత్రం లెక్కలేనన్ని టేక్‌బ్యాక్‌లు మంచివే: రాజు, బంటు మిగిలిన ముగింపుల్లో. తెలుపు రాజు ఇ4, బంటు ఇ3, నలుపు రాజు ఇ6. వంతు తెలుపుదైతే డ్రా, నలుపుదైతే తెలుపు గెలుస్తుంది. నలుపు రాజు డి6కు జరిగితే తెలుపు రాజు ఎఫ్5కు, ఎఫ్6కు జరిగితే డి5కు చొచ్చుకుపోతాడు. వంతు తెలుపుదై రాజు డి4కు వస్తే నలుపు డి6లోనే ఎదురు నిలవాలి, వేరే ఎక్కడికి పోయినా ఓడిపోతుంది. ఈ బోర్డును పెట్టుకుని రెండు వైపుల నుంచీ, రెండు వంతులతోనూ విసుగొచ్చేదాకా వాపస్ తీసుకుంటూ ఆడండి. ఇక్కడ పావులు తక్కువ, కారణం ఒక్కటే, కాబట్టి తడుముకున్నా కారణం దగ్గరికే చేరతారు.

ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి టేక్‌బ్యాక్‌కు ఒక వరుస: ఎన్నో ఎత్తు, ఏం చేద్దామనుకున్నాను, ఏం చూడలేదు, జవాబుకు ముందా తర్వాతా. పది ఆటలయ్యాక చదివితే ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కాపలాగా ఉన్న పావును వేరే పనికి పంపడం కావచ్చు, గుర్రం రెండింటిని పట్టే ఎత్తు చూడకపోవడం కావచ్చు, చివరి వరుసలో రాజుకు గాలి లేకపోవడం కావచ్చు. లీచెస్ పజిల్స్‌లో ఫోర్క్ (ఒకే పావు రెండింటిని పట్టడం), పిన్ (వెనకున్న పావు వల్ల కదల్లేకపోవడం), హ్యాంగింగ్ పీస్ (కాపలా లేని పావు), బ్యాక్ ర్యాంక్ మేట్ (చివరి వరుసలో మేటు) అని అంశాలవారీగా దొరుకుతాయి. మన నోటుబుక్కులో ఎక్కువగా కనిపించిన అంశాన్నే వారం పాటు చేయాలి. అన్నీ కలిపి చేసే పజిల్స్ కన్నా ఇది మేలని నా లెక్క.

టేక్‌బ్యాక్‌లు తగ్గాలి కూడా. మొదటి పది ఆటలకు ఆటకు మూడు, తర్వాతి పదికి ఒకటి, ఆపైన సున్నా. జవాబుకు ముందు రకం తగ్గి జవాబు తర్వాత రకం అట్లే ఉంటే సున్నాకు పోవద్దు, ఒకటి దగ్గరే ఆగి చెక్‌లు, కొట్టేవి, బెదిరింపులు చూసే అలవాటు మీద పని చేయండి.

బడి పోటీలకో జిల్లా పోటీలకో పేరు ఇస్తే కనీసం రెండు వారాల ముందే ఫోన్ పక్కన పెట్టి బోర్డు మీద ఆడించాలి. అక్కడి నియమం వేరు. ఆడే ఉద్దేశంతో సొంత పావును ముట్టుకుంటే దాన్నే ఆడాలి, అవతలివాళ్ల పావును ముట్టుకుంటే దాన్నే కొట్టాలి, ఆ ఎత్తు కుదిరితే. గడిలో పెట్టి చెయ్యి వదిలాక అది ఇంకెక్కడికీ పోదు. 1994లో స్పెయిన్‌లోని లినారెస్ టోర్నమెంట్‌లో జుడిత్ పోల్గర్‌తో ఆడుతూ కాస్పరోవ్ గుర్రాన్ని సి5లో పెట్టి, మళ్లీ ఎత్తి ఎఫ్8లో పెట్టాడు. చెయ్యి విడిచినట్టు వీడియోలో కనబడింది, ఆ చర్చ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మన పిల్లలకు ఎక్కువగా దెబ్బ తగిలేది క్యాస్లింగ్ దగ్గర, అంటే రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపే చోట. ఏనుగును ముందు ముట్టుకుని తర్వాత రాజును ముట్టుకుంటే, ఆ ఎత్తుకు ఆ వైపు క్యాస్లింగ్ చేయనివ్వరు. ఫోన్‌లో రాజును రెండు గడులు జరిపితే ఏనుగు తనంతట తానే వస్తుంది కాబట్టి ఈ సంగతి వాళ్లకు తెలియదు. రాజును ముందు, ఒకే చేత్తో, అని బోర్డు మీద పదేపదే చేయించండి. పావును గడి మధ్యకు సర్దాలంటే ముందు "సర్దుతున్నా" అని ఎదుటివాళ్లకు వినబడేలా చెప్పి, తమ వంతు ఉన్నప్పుడే సర్దాలని కూడా నేర్పండి.